ఆ రాత్రి చేవెళ్లకు చేరిన నిజం

2024 డిసెంబరు 20, శుక్రవారం. చేవెళ్ల దగ్గరి ఓ పల్లెలో, రైతు ఇంటి ముందు ట్రాలీ ఆటోలో చామంతి మూటలు సర్ది తాడు బిగించి ఉన్నాయి. రాత్రి రెండింటికి బయల్దేరితే తెల్లారేలోపు హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో దించొచ్చు. ఆ రైతు తొమ్మిదింటికే పడుకున్నాడు. పన్నెండున్నరకు ఫోను మోగింది. నైట్ షిఫ్టులో ఉన్న అన్న కొడుకు.

“చిన్నాయినా, చెల్లె ఉండేది మాగ్డెబర్గే గద?”

“అవురా. ఏమైంది?”

“అక్కడ క్రిస్మస్ బజార్ల జనం మీదికి ఎవడో కారు తోలిండంట. ఇప్పుడే ఫోన్ల చూసిన. ఒకసారి చెల్లెకు చెయ్యి.”

రైతు మంచం మీద లేచి కూర్చున్నాడు. మన టైముకు జర్మనీ నాలుగున్నర గంటలు వెనక. అక్కడిప్పుడు ఎనిమిది. శుక్రవారం సాయంత్రం కూతురికి బట్టల దుకాణంలో డ్యూటీ. ఆ దుకాణం క్రిస్మస్ బజారుకు రెండు సందుల అవతలే. మూడు వారాల కిందట బజారు మధ్యలో నిలబడి వీడియో కాల్ చేసింది. దీపాల తోరణాలు, చెక్క గుడిసెల దుకాణాలు అమ్మకు చూపించి, “డ్యూటీకి టైమైతుంది నాయినా, ఉంట” అని పెట్టేసింది.

నంబరు కలిపాడు. స్విచాఫ్. మళ్లీ కలిపాడు. మళ్లీ అదే మాట. భార్య లేచి టీవీ పెట్టింది. అంబులెన్సులు, నీలం లైట్లు, పరుగులు తీస్తున్న జనం. ఆమెకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. అయినా తెర మీద ఆ ఊరి పేరు గుర్తుపట్టింది. కూతురికి పంపిన పచ్చళ్ల పార్సిల్ మీద ఉన్న పేరు అదే.

ఆ సమయానికి వాళ్లమ్మాయి ఆ బజారుకు దాదాపు నూట యాభై కిలోమీటర్ల అవతల, కెమ్నిట్జ్ అనే ఊరికి పోతున్న రైల్లో కిటికీకి తల ఆనించుకుని ఉంది. ఒంటికి చిన్న గీత కూడా పడలేదు. చేతిలో ఫోను చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. ఆమెకు ఆ సాయంత్రం డ్యూటీ లేదు. సెప్టెంబరు నెలాఖరు నుంచి అసలు ఉద్యోగమే లేదు.

ఒకే బస్సు

ఈ గాథలోని అమ్మాయిల పేర్లు రాయడం లేదు. అక్కడి తెలుగు పిల్లలు వాళ్లను ఊరి పేర్లతోనే పిలుస్తారు. ఒకమ్మాయి ‘చేవెళ్ల’, ఇంకో అమ్మాయి ‘మొయినాబాద్’. మనమూ అలాగే పిలుద్దాం.

ఇద్దరిదీ బీజాపూర్ రోడ్డు. మర్రిచెట్లు రెండు వైపులా కమ్ముకున్న ఆ రోడ్డు మీద ఒకే కాలేజీ బస్సు. చేవెళ్ల ముందు ఎక్కి పక్క సీట్లో బ్యాగు పెట్టేది. మొయినాబాద్‌లో స్నేహితురాలు ఎక్కాక బ్యాగు ఒళ్లోకి తీసుకునేది. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఇద్దరూ కలిసే జర్మనీ అనుకున్నారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కు కొద్దిపాటి రుసుము కడితే సరిపోతుంది. అమెరికా ఖర్చు తట్టుకోలేని ఇళ్లకు ఈ ఒక్క మాట కొండంత ఆశ. 2023-24 శీతాకాలపు సెమిస్టర్‌లో జర్మనీలో చదివిన భారతీయ విద్యార్థులు 49,483 మంది. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే మొదటి స్థానం.

ఫీజు లేకున్నా ఖర్చు ఉంది. వీసా కావాలంటే ఏడాదికి సరిపడా డబ్బు ముందే జర్మనీ ఖాతాలో వేసి చూపించాలి. దాన్ని బ్లాక్డ్ అకౌంట్ అంటారు. 2023లో ఆ మొత్తం 11,208 యూరోలు, అంటే మన డబ్బులో సుమారు పది లక్షలు. అక్కడికి వెళ్లాక అందులోంచి నెలకు 934 యూరోలు మాత్రమే చేతికొచ్చేవి. ఏడాది తిరిగేసరికి ఖాతా ఖాళీ. పూల రైతు బ్యాంకులో చదువు లోను తీసుకున్నాడు. లోను మొదటి విడతకు తక్కువ పడిన డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. ఆ బయటి అప్పు సంగతి కూతురికి చెప్పలేదు.

వీసా స్లాటు దొరికిన వారం ఇద్దరూ చిలుకూరు వెళ్లారు. గండిపేట చెరువు ఒడ్డున, మొయినాబాద్ మండలంలోనే ఉన్న ఆ బాలాజీని విదేశాలకు వెళ్లే పిల్లలంతా వీసా బాలాజీ అంటారు. ఆ గుడిలో హుండీ ఉండదు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెలున్న కార్డు పట్టుకుని ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేస్తూ తిరుగుతారు. వీసాలు వచ్చాక 108 తిరుగుతున్నప్పుడు మొయినాబాద్ కాలు బెణికితే, చేవెళ్ల ఆమె రెక్క పట్టుకుని మిగతావి పూర్తి చేయించింది.

సీట్లు మాత్రం వేర్వేరు ఊళ్లలో వచ్చాయి. చేవెళ్లకు ఎల్బా నది ఒడ్డున ఉన్న మాగ్డెబర్గ్. మొయినాబాద్‌కు తూర్పు జర్మనీ రోజుల్లో కార్ల్ మార్క్స్ పేరు పెట్టుకున్న కెమ్నిట్జ్. రెండు ఊళ్ల మధ్య, అప్పట్లో నెలకు 49 యూరోలున్న డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే సరిపోయేది. వేగంగా పోయే ఐసీఈలు ఎక్కకూడదు. హాలేలో దిగి, లైప్‌జిగ్‌లో మారి, ప్రాంతీయ రైళ్లలో నింపాదిగా చేరాలి. మొదటి ఏడాది నెలకో శని, ఆదివారాలు ఎవరో ఒకరి గదిలో గడిచేవి. రెండో ఏడాది మొదలయ్యాక చేవెళ్ల రావడం మానేసింది.

డ్యూటీ లేని శుక్రవారాలు

విద్యార్థులు ఎక్కువగా చేసుకునే చిన్న ఉద్యోగానికి అక్కడ మినీ జాబ్ అని పేరు. 2024లో దాని గరిష్ఠ జీతం నెలకు 538 యూరోలు. గంటకు కనీస వేతనం 12.41. చేవెళ్లకు ఆ ఏడాది వసంతంలో బట్టల దుకాణంలో మినీ జాబ్ దొరికింది. అద్దె, ఆరోగ్య బీమా, తిండి అన్నీ లెక్కవేస్తే 538 చాలవు. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు వస్తున్నంత కాలం ఆ తేడా తెలియలేదు.

సెప్టెంబరు నెలాఖరున దుకాణంవాళ్లు పని తగ్గిందని నలుగురిని తీసేశారు. అందులో ఆమె ఒకతి. అదే నెలలో బ్లాక్డ్ అకౌంట్ ఆఖరి వాయిదా వచ్చింది. రెండు పరీక్షలు పోయాయి. మూడూ ఒకేసారి మీద పడ్డాయి.

ఆ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు చెప్పాలనే అనుకుంది. తండ్రి ఫోను ఎత్తగానే, “బిడ్డా, ఈసారి చామంతికి మంచి రేటొచ్చింది. నీ డ్యూటీ ఎట్లున్నది?” అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఏం చెబుతుంది? “మంచిగున్నది నాయినా” అంది. బ్యాంకు లోను రెండో విడత తీసుకోమంటావా అని ఆయనే అడిగితే, “ఇప్పుడొద్దు, నా జీతం సరిపోతుంది” అనేసింది. అప్పు పెరగకూడదని. ఒకసారి చెప్పిన అబద్ధం నిలబడాలంటే ప్రతి శుక్రవారం డ్యూటీకి పోవాలి. ఆమె సాయంత్రం ఐదింటికి గది తాళం వేసి, బజారు దాకా నడిచి, దుకాణం ముందు నుంచే తిరిగి వచ్చేది. ఎప్పుడైనా తండ్రి వీడియో కాల్ చేస్తే వెనక అద్దాల దుకాణం కనిపించాలి కదా అని.

తిండి తగ్గించింది. అన్నం, అమ్మ పంపిన మామిడి అల్లం పచ్చడి. క్లాసు పిల్లల దగ్గర కొద్దికొద్దిగా చేబదులు. ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూనే ఉంది. ప్రతిచోటా జర్మన్ భాష ఇంకా బాగా రావాలన్నారు. డిసెంబరులో అక్కడ నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది. గదిలో లైటు వేసుకోకుండా కూర్చునే రోజులు పెరిగాయి.

మొయినాబాద్ పసిగట్టింది ఫోనులోనే. “తిన్నవానే?” అంటే “తిన్న” అని ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేది. ఏం తిన్నావంటే తడబాటు. వీడియో ఆన్ చేయమంటే నెట్ బాలేదనేది. గురువారం రాత్రి మొయినాబాద్ ఇక అడగడం మానేసి చెప్పింది.

“రేపు బయల్దేరి రా. టికెట్ నీ దగ్గరున్నదే గద. పప్పుచారు చేస్త. మాట్లాడాలని లేకుంటే మాట్లాడకు, వచ్చి పండుకో.”

ఆ ఆఖరి మాటకే చేవెళ్ల బయల్దేరింది. సంజాయిషీ అడగని చోటు ఒక్కటైనా ఉందనిపించింది.

కెమ్నిట్జ్ ప్లాట్‌ఫారం

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రైలెక్కింది. లైప్‌జిగ్‌లో ఆఖరి రైలు ఆలస్యమైంది. పాత ఫోను అక్కడే ఆగిపోయింది. మాగ్డెబర్గ్‌లో ఏడు గంటలు దాటి రెండు నిమిషాలకు, పాత టౌన్ హాలు ముందున్న బజారులోకి కారు దూసుకొచ్చిందని ఆమెకు తెలియదు.

ప్లాట్‌ఫారం మీద మొయినాబాద్ ఆమెను చూడగానే గట్టిగా పట్టుకుంది. “నువ్వు అక్కడ లేవు. దేవుడా, నువ్వు అక్కడ లేవు.” ఏమైందో చెబుతుండగానే ఆమె ఫోను మోగింది. ఊరి నుంచి మొయినాబాద్ వాళ్ల నాన్న. పూల రైతు ఆయన నంబరు వెతికి పట్టుకుని చేశాడు. ఆయన ఆ లైను కలిపే ఉంచి కూతురికి చేశాడు.

“నీ దోస్తు సంగతి ఏమన్న తెలిసిందా బిడ్డా? వాళ్ల నాయిన లైన్ల ఉన్నడు. మాట్లాడలేకపోతున్నడు.”

“నా పక్కనే ఉంది డాడీ. ఇప్పుడే రైలు దిగింది.”

చేవెళ్ల ఫోను అందుకుంది. అవతల తండ్రి ఏడుపు వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఏడవగా ఆమె వినలేదు. కొంతసేపటికి తేరుకున్నాడు.

“నీకేం కాలే గద?”

“ఏం కాలే నాయినా. నేను ఆ ఊళ్లనే లేను.”

“మరి డ్యూటీ?”

ఆ రెండు మాటల ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయింది. మరో అబద్ధం చెప్పొచ్చు, సెలవు పెట్టానని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తన పాత అబద్ధం ఆ గంటలో తండ్రిని ఎక్కడ నిలబెట్టిందో ఆమె చెవులతో వింది. ఉద్యోగం పోయిందని తెలిసి ఉంటే ఆయన ఆ రాత్రి కంగారు పడేవాడే. అయినా కూతురు కచ్చితంగా ఆ వీధిలోనే ఉందని నమ్మేవాడు కాదు. బాధ పెట్టకూడదని దాచిన సంగతే ఆయన జీవితంలో అతి భయంకరమైన గంటను తెచ్చిపెట్టింది.

“డ్యూటీ లేదు నాయినా. మూడు నెలలైంది పోయి.”

ప్లాట్‌ఫారం మీదే, చలిలో నిలబడి, అన్నీ చెప్పేసింది. పరీక్షలు, చేబదుళ్లు, దుకాణం దాకా నడిచి తిరిగొచ్చిన శుక్రవారాలు. అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత తండ్రి అన్నది ఇంతే: “లోపలికి పో బిడ్డా, చలి పెడుతుంటది. బువ్వ తిను. నేను మార్కెట్‌కు పోయి ఫోన్ చేస్త.”

గుడిమల్కాపూర్ నుంచి వచ్చిన ఫోను

ఆయన అన్నట్టే మార్కెట్‌కు వెళ్లాడు. కోసిన పువ్వు ఆగదు. తెల్లవారుజామున ఐదింటికి, జర్మనీలో అర్ధరాత్రి దాటాక ఫోను చేశాడు. వెనక వేలం అరుపులు, ఆటోల హారన్లు.

“బిడ్డా, నేను సుత నీకు ఒకటి చెప్పలే” అని మొదలుపెట్టాడు.

చామంతికి మంచి రేటు వచ్చిందన్నది నిజం కాదు. దీపావళి దాటాక రేటు ఇంకా పడిపోయింది. ధనుర్మాసం మొదలై పెళ్లిళ్లు ఆగాక, కూలీల డబ్బులు కూడా గిట్టడం లేదు. బయటి అప్పు వడ్డీ కట్టలేక భార్య బంగారు గాజులు కుదువ పెట్టాడు. పొలం ఫాంహౌసులకు అడుగుతున్నారని, అరెకరం అమ్మేద్దామా అని రెండు నెలలుగా ఒక్కడే నలిగిపోతున్నాడు. “నువ్వు అక్కడ పరేషాన్ అయితవని చెప్పలే” అన్నాడు.

ఇద్దరూ ఒకే కారణంతో, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే పని చేశారు.

శనివారం పొద్దున మొయినాబాద్ గదిలో పప్పుచారు గిన్నె పక్కన తెల్ల కాగితం పరిచారు. ఒకవైపు అద్దె, బీమా, తిండి, చేబదుళ్లు. ఇంకోవైపు రాబడి. స్పీకర్ ఫోనులో తండ్రి తన లెక్క చెబుతుంటే మొయినాబాద్ రాసింది. రెండు లెక్కలూ ఒకే కాగితం మీదికి వచ్చాక అసలు సంగతి బయటపడింది. చదువు లోను రెండో విడత బ్యాంకులో మంజూరై, ఎవరూ అడగక, అలాగే ఉంది. కూతురు తనకు సరిపోతుందని చెప్పింది కాబట్టి తండ్రి దాని జోలికి పోలేదు. తండ్రి రేటు బాగుందన్నాడు కాబట్టి కూతురు ఆ ఇంటికి కొత్త భారం కాకూడదనుకుంది. అటు పచ్చడి మెతుకులు, ఇటు కుదువ పెట్టిన గాజులు. మధ్యలో తక్కువ వడ్డీ డబ్బు తీసుకునేవాళ్లు లేక ఉండిపోయింది.

సోమవారం బ్యాంకుకు వెళ్లాలని తండ్రి, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లాలని కూతురు అనుకున్నారు. అక్కడి విద్యార్థి సేవా సంస్థల్లో డబ్బు, వసతి ఇబ్బందులకు ఉచితంగా సలహా ఇచ్చే మనుషులు ఉంటారు. ఆ తలుపు తట్టొచ్చని ఆమెకు మూడు నెలలుగా తెలుసు. తడితే తన సంగతి ఎవరికైనా తెలుస్తుందని వెళ్లలేదు.

పెట్టేసే ముందు తండ్రి ఒక మాట అడిగాడు. “నువ్వు బతికినవ్. అక్కడ పోయినోళ్లు ఉన్నరు. మన దిక్కు నుంచి ఓ పువ్వు పెట్టు బిడ్డా.”

ఆ దాడిలో చివరికి ఆరుగురు చనిపోయారు. అందులో తొమ్మిదేళ్ల పిల్లవాడున్నాడు. గాయపడినవాళ్లు మూడొందలకు పైనే. వాళ్లలో ఏడుగురు భారతీయులని వార్తలొచ్చాయి. ఆదివారం చేవెళ్లను ఒంటరిగా పంపడానికి మొయినాబాద్ ఒప్పుకోలేదు. ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఆదివారం జర్మనీలో దుకాణాలు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో మాత్రం తెరిచి ఉంటాయి. లైప్‌జిగ్ స్టేషన్‌లో పూలు కొన్నారు. తెల్ల చామంతులు. అక్కడ పోయినవాళ్లకు పెట్టే పూలలో చామంతి ఒకటి. చేవెళ్ల కాడలు నలిపి చూసి, వాటిలో తాజావే ఏరింది. మాగ్డెబర్గ్‌లో బజారు దగ్గరి యోహానిస్ చర్చి ముందు అప్పటికే పూలు, కొవ్వొత్తులు పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఇద్దరూ వంగి తమ పూలు పెట్టారు.

ఆ తర్వాత

బ్యాంకు రెండో విడత విడుదల చేసింది. పొలం అమ్మలేదు. ఫిబ్రవరి పరీక్షల్లో ఆగిన రెండు పేపర్లలో ఒకటి గట్టెక్కింది, ఇంకోటి వేసవిలో పూర్తయింది. యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర చిన్న పని దొరికింది. గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి, వాటి గడువు తేదీ కూతురికీ తెలుసు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆదివారం ఫోనుకు ఒక పద్ధతి ఉంది. ముందు తండ్రి తన వారం ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు చెబుతాడు. తర్వాత కూతురు. పెద్దవాళ్లు ముందు చెబితేనే పిల్లలకు నోరు పెగులుతుందని ఆ తల్లి పెట్టిన నియమం అది.

మన పల్లెల నుంచి యూరప్ వెళ్తున్న పిల్లలకు మనం చాలా జాగ్రత్తలు చెబుతాం. సర్టిఫికెట్ల ఫైలు సర్దుతాం, పచ్చళ్లు కడతాం, ప్రదక్షిణలు చేయిస్తాం. వాళ్లు స్నేహితుల దగ్గరికి వెళ్లొస్తామంటే మాత్రం చదువు వదిలి తిరుగుతున్నారని గదమాయిస్తాం. నాలుగింటికే చీకటి పడే దేశంలో, మన భాషలో “తిన్నవా” అని అడిగి జవాబులోని తడబాటును పట్టుకోగలిగే మనిషి దగ్గరికి పోవడం తిరుగుడు కాదు. భోజనం, బీమా ఎంత అవసరమో అదీ అంతే అవసరం. మొయినాబాద్ ఆ గురువారం రాత్రి రమ్మనకపోతే, ఆ శుక్రవారం సాయంత్రం చేవెళ్ల అబద్ధపు డ్యూటీ కోసం ఆ బజారు వీధిలోనే నడుస్తూ ఉండేది.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. చదువు లోను పత్రం మీద మీతోపాటు మీ పిల్లల సంతకమూ ఉంటుంది. సంతకం పెట్టించిన రోజే ఇంటి అప్పెంతో, బయటి వడ్డీ ఎంతో, పంట ఎలా ఉందో పూర్తిగా చెప్పండి. ఉద్యోగం పోతే, పరీక్ష పోతే ఆ రోజే ఫోను చేస్తామని మాట తీసుకోండి. చేసినప్పుడు తిట్టబోమని మీరూ మాట ఇవ్వండి. లక్షల అప్పుకు పూచీ పడేంత పెద్దవాళ్లని నమ్మి సంతకం చేయించినవాళ్లం, ఇంటి కష్టం వినేంత పెద్దవాళ్లని కూడా నమ్మాలి.